బూడిద పిల్లి ఇసుక తొట్టి

వకుళమ్మ ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. శుభ్రమంటే దానికి ప్రాణం. వెనక వసారాలో దానికోసం పెట్టిన ఇసుక తొట్టిని మాత్రం ఎవరూ కడిగేవారు కాదు. వాసన వస్తే వకుళమ్మ దూరం నుంచే ఇంత సెంటు చల్లి వెళ్లిపోయేది. ఆ ఘాటుకు పిల్లికి తల తిరిగేది. చివరికి ఓర్చుకోలేక ఒకరోజు బియ్యం డ్రమ్ము వెనక పని కానిచ్చేసింది.

"ఇంకోసారి ఇలా చేశావో, గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేస్తా!" అని వకుళమ్మ కేకలేసింది.

పిల్లి ఒక్క పరుగున పెరట్లోకి వచ్చింది.

"పెట్టినచోట సర్దుకుపోవాలే. నేనెప్పుడైనా నోరెత్తానా?" అంది గొలుసుతో కట్టేసిన కుక్క.

గింజలేరుకుంటున్న ముసలి కోడి తలెత్తింది. "చాటుగా చేస్తే తప్పు నీదే అవుతుందమ్మా. ఆవిడకే చెప్పుకో."

"నా మాట ఆవిడకు అర్థం కాదుగా అత్తా?"

"మాట అర్థం కాకపోతేనేం, ముక్కుందిగా!"

మర్నాడు పొద్దున్నే పిల్లి వకుళమ్మ చీర అంచు పళ్లతో పట్టుకుని తొట్టిదాకా లాక్కెళ్లింది. వంగి చూసిన వకుళమ్మ చటుక్కున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఇందులో నేనైనా కాలు పెట్టనే!"

పాత ఇసుక పారబోసి, తొట్టిని వేణ్ణీళ్లతో రుద్ది కడిగి, ఎండబెట్టి, కొత్త ఇసుక పోసింది. పిల్లి అందులోకి దిగి, నింపాదిగా గొయ్యి తవ్వుకుని, పని ముగించి చక్కగా కప్పేసింది.

అప్పటినుంచి రోజూ కాఫీకి ముందే వకుళమ్మ పాత చిల్లుల గరిటెతో తొట్టి శుభ్రం చేసేది. పిల్లి పక్కనే కూర్చుని, మూలల్లో ఏమైనా వదిలేసిందేమోనని ఓ కంట కనిపెట్టేది.