వాయిదా కచేరి

“శుక్రవారం నాడు వాయిదనా?” అంటూ గురులింగప్ప ఏరుతున్న అల్లం గంప పక్కన పెట్టి లేచాడు.

“వాయిద కాదయ్యా, వాయిద్యం,” అంది కమలమ్మ. “వాయిద్య కచేరి. పట్నం నుంచి ఫిడేలు వాయించేటోళ్లు వస్తున్నరంట.”

“అదే గదా నేనంటున్న. వాయిద, కచేరి. పట్నం వకీలు గూడ వస్తున్నడా?”

మైకు కట్టిన రిక్షా అప్పటికే వీధి మలుపు తిరిగిపోయింది. కమలమ్మ నుదురు కొట్టుకుంది. పోయిన వానకాలం నుంచి మొగుడి చెవులు మందగించాయని ఆమె బాధ. చీరె కొనియ్యమంటే చారు పొయ్యమంటున్నాడు.

అసలు 1979 నాటి జహీరాబాద్‌లో కచేరి అంటే పాట గుర్తొచ్చేవాళ్లు తక్కువ, కోర్టు గుర్తొచ్చేవాళ్లు ఎక్కువ. ఆ ఎక్కువలో గురులింగప్ప మరీ ఎక్కువ. ఆడపిల్లల బడి పక్కనున్న కంచె జాగ కోసం సొంత తమ్ముడు మహాదేవప్ప మీద కేసు వేశాడు. వాయిదా మీద వాయిదా పడి, ఆ కేసు కాస్తా వాయులీనమై తీగలాగా సాగుతోంది. “ఇంక నీ మొకం కచేరిలనే చూస్త, మాటాడితే గాడనే మాటాడ్త” అని నలుగురి ముందూ తమ్ముడితో అన్నాడు. అంతే. ఆ తర్వాత పెళ్లిలో ఎదురైనా, చావులో ఎదురైనా పలకరించలేదు. మాట తప్పడం కంటే మీసం తీయించుకోవడం నయమనుకునే మనిషి.

ఆ మాట కింద పడి నలిగింది మాత్రం కమలమ్మ. పిల్లలు లేని ఆమె చేతి ముద్దలు తిని పెరిగిన మరిది కూతురు బస్వమ్మ ఇప్పుడు ఎనిమిదో తరగతి. బడిలో తొమ్మిదికి గది లేదు. ఫిడేలు అమర్నాథ్ ఊరూరా కచేరీలు చేసి, వచ్చినదానితో బడులకు గదులు కట్టిస్తాడట. గది ఆయన కడతాడు సరే, జాగ ఏది? ఉన్న జాగ మీద కేసు. గది లేవకపోతే బస్వమ్మ చదువు ఆగుతుంది, పెళ్లి మాట సాగుతుంది.

శుక్రవారం సాయంత్రం గురులింగప్ప ఇస్త్రీ ధోవతి కట్టి, కోర్టు కాగితాల సంచి చంకన పెట్టి బయలుదేరాడు. నవ్వులపాలు కాకుండా ఆపుదామని కమలమ్మ వెంటపడింది.

బడి ముందర షామియానా వేశారు. వేదిక మీద అమర్నాథ్ నల్ల షేర్వాణీలో కూర్చున్నాడు.

“వకీలు మంచిగున్నడు,” అన్నాడు గురులింగప్ప.

“మరి పక్కన తబలా పెట్టుకున్నాయన?”

“చప్రాసి గావొచ్చు.”

అవతలి వరసలో మహాదేవప్ప, బస్వమ్మ కూర్చున్నారు. గురులింగప్ప అటు చూడలేదు.

ఫిడేలు మొదలైంది. కమలమ్మకు కాళ్ల కింద నేల మెల్లగా జారిపోయినట్టయింది. బొంబాయి రోడ్డు మీద లారీలు కూడా నిద్రలో నడుస్తున్నట్టు వినిపించాయి. పొద్దుగూకే వెలుగు చెరకు తోటల మీద బెల్లప్పాకంలా సాగింది. ఆ పాకంలోంచి అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద వస్తున్నారు. మధ్యలో పసి బస్వమ్మ, చెరో చేత్తో ఇద్దరి మీసాలూ పట్టుకుని. బండి ఎంత నడిచినా దగ్గరికి రాలేదు, దూరమూ కాలేదు. కంచె ఉన్నచోట తెల్లటి మంచు. మంచులో కిటికీలు, కిటికీల్లో రిబ్బన్ల జడలు. ఆమెకు తెలియకుండానే ఒళ్లో ఆమె చెయ్యి అన్నం ముద్ద కలుపుతోంది.

తీగ ఆగింది. అమర్నాథ్ మైకు వైపు వంగాడు. “ప్రతి రాగానికీ ఒక వాది ఉంటుంది...”

“వాదిని నేనే,” అంటూ గురులింగప్ప సంచితో సహా లేచాడు. “గురులింగప్ప, హాజర్.”

కమలమ్మ కండువా పట్టి లాగింది. కండువా వచ్చింది, మనిషి రాలేదు.

అమర్నాథ్ తికమకపడ్డాడు. “వాది అంటే రాగంలో ముఖ్యమైన స్వరం, పెద్దాయనా. దానికి తోడు పలికేది సంవాది.”

“ఆ తోడు పలికేటోడు గూడ వచ్చిండు. గా వరసల కూసున్నడు. జర రాసుకోండ్రి. నా కేసు వాపసు తీసుకుంట. కంచె జాగల నా వంతు బడికే. మావోడు పలుకుతడో లేదో అడుగుండ్రి.”

మహాదేవప్ప లేచాడు.

“నాతోని మాటాడనన్నవు గదనే అన్నా.”

“కచేరిల మాటాడ్తనన్న. ఇది కచేరి గాదా?”

“కచేరే,” అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ. “నా వంతు గూడ బడికే. రాసుకోండ్రి.”

బస్వమ్మ పరుగెత్తుకొచ్చి పెద్దమ్మ ఒళ్లో పడింది.

పెద్దపంతులమ్మ మనోరమ “ఏంది సంగతి?” అని అడిగితే, కమలమ్మ సిగ్గుపడుతూ జరిగినదంతా ఆమె చెవిలో వేసింది. మనోరమ మైకు అందుకుని అందరికీ విప్పి చెప్పింది. రిక్షాలో చెప్పింది వాయిద్యమనీ, గురులింగప్పగారు విన్నది వాయిదా అనీ, ఫిడేలు కచేరిని కోర్టు కచేరి అనుకుని వచ్చారనీ. “య వత్తు జారింది, జాగ యావత్తూ బడికి చేరింది,” అంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వుల హోరులో కమలమ్మ పెదవులు కదిలీ కదలకుండా గొణుక్కుంది. “చెవిటి మొగుడైతేనేం, మేలే అయింది.”

గురులింగప్ప వేదిక మీంచి చూపు తిప్పకుండానే, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“నాకు వాయిద్యమనే ఇనవడ్డది.”