కునుకులో దీవెన

"మీ మనవరాలికి బోర్డు మీది అక్షరాలు ఆనడం లేదు లోలా. పుస్తకమిస్తే పేజీని వేలితో పైకి తోస్తోంది. ఆ ఫోను మాన్పించండి," అంది ఇంటికొచ్చిన రెండో తరగతి టీచరు డెల్ఫినా.

ఊళ్ళో అందరూ లోలా అని పిలిచే అమ్మమ్మ కొన్సోర్సియా మూతి తిప్పింది. "ఫోనుకు నా వేలిముద్రే తాళం. దానికెలా దొరుకుతుందీ? ముందు మీ బడి పిల్లలకి మర్యాద నేర్పమ్మా! మా జైరా, నేను కునుకు తీస్తున్నా సరే, దీవెన కోసం నా చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటుంది. మెలకువొచ్చేసరికి చెయ్యి దాని చేతిలోనే ఉంటుంది."

"కునుకులోనా?"

"నమ్మవూ? ఆ తలుపు చాటున నిలబడి చూడు."

అమ్మమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని, వెదురు బల్ల మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

జైరా ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. మెల్లగా అమ్మమ్మ చెయ్యి ఎత్తింది. నుదుటికి ఆనించుకోలేదు. బొటనవేలు పట్టి ఫోను మీద నొక్కింది. తెర వెలగగానే చేతిని వదిలేసి, ఫోను పట్టుకుని వెనుదిరిగింది.

అమ్మమ్మ కళ్ళు తెరవలేదు.

టీచరు గొడుగు అందుకుంది.

"త్వరగా దీవించండి లోలా, పిల్ల వెళ్ళిపోతోంది."