బండి అమ్మేది లేదు

"సాయంత్రంలోగా బండికి నువ్వే ఆయిల్ మార్చి చూపించు. లేదంటే తాళాలు నా చేతిలో పెట్టు."

ఆ మాట అనేసి అన్నయ్య చెప్పులేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాడు. బండి చూడ్డానికి ఎవరో వస్తున్నారట. బేరం దాదాపు కుదిరిందట.

పిడుగు జుట్టు గట్టిగా ముడేసుకుని, ఇంటి ముందున్న జీపు కింద పాత చాప పరిచింది.

చిన్నప్పట్నుంచీ ఇంట్లో, వీధిలో ఆమె పేరు పిడుగే. అన్నయ్య బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోమంటే కూర్చోకుండా, బ్రోకర్ దగ్గర ఈ పాత జీపు కొని కొండదారిలో జనాన్ని తిప్పుతోంది. జీపు పోతే ఇక గల్లాపెట్టే గతి. అంతకన్నా చావు నయం అనుకుంటుంది.

ఎదురింటి మెకానిక్ టీ గ్లాసు పట్టుకొచ్చి పిట్టగోడెక్కి కూర్చున్నాడు.

"ఎందుకమ్మాయ్ నీకీ తంటా? ఇంజన్ కింద ఇనప పలక చూశావా? రాళ్ళు తగలకుండా వేసింది. అది దించితేగానీ ఆయిల్ బోల్టు అందదు. దించుతావు సరే, మళ్ళీ ఎక్కించగలవా? ఒక్కో బోల్టు ఒక్కో పొడుగు. ఒకటి మారిందంటే పలక కూర్చోదు."

"నీ టీ చల్లారిపోతోంది బాబాయ్, తాగు."

"దీని పాత ఓనరు ఉన్నాడే, వాడూ మగాడంటే! ఏ షెడ్డు గడపా తొక్కకుండా అంతా తనే చేసుకునేవాడట. బ్రోకర్ చెప్పాడు."

"నువ్వు చూశావా ఆయన్ని?"

"చూడాలేంటి? పని చూస్తే తెలీదూ!"

బండి కొన్న రోజు నుంచీ ఇదే పాట. ముఖం కూడా తెలియని ఆ పాత ఓనరంటే పిడుగుకు ఒళ్ళుమంట. స్పానర్ తీసుకుని జీపు కిందికి దూరింది.

బోల్టులు ఒక్కొక్కటే వదులవుతుండగా గేటు చప్పుడైంది.

"బండి బాగా నడుస్తోందా అమ్మా?"

పిడుగు తల బయటికి పెట్టింది. నెరిసిన జుట్టావిడ. చంకలో గొడుగు. బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. గోళ్ళకు ఎర్రరంగు.

'ఈ వయసులో సోకు చూడు' అనుకుంది పిడుగు. అన్నయ్య చెప్పిన బేరం అప్పుడే దిగిందన్నమాట.

"బండి కొనడానికేగా వచ్చారు?"

"అనుకునే వచ్చాను."

"అమ్మేది లేదు. మా అన్నయ్య మీకేం చెప్పాడో నాకనవసరం. దయచెయ్యండి."

ఆవిడకు కోపం రాలేదు. మోకాళ్ళు పట్టుకుని వంగి, బండి కిందికి చూసింది.

"నువ్వే మారుస్తున్నావా? పలక చాలా బరువు తల్లీ. చివరి బోల్టు తీసేముందు కింద ఏదైనా దన్ను పెట్టుకో."

"సలహాలిచ్చే ఆయన ఒకరు ఇప్పటికే గోడమీద ఉన్నారు. మీరూ ఎక్కుతారా?"

ఆవిడ ఫక్కున నవ్వింది.

"వద్దులే. బండి అమ్మకు. ఎవరు చెప్పినా సరే, అమ్మకు."

బానెట్‌ను ఒకసారి తట్టి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

"కాళ్ళ దగ్గరికొచ్చిన బేరాన్ని తరిమేశావు. మీ అన్నయ్య ఊరుకోడు" అన్నాడు మెకానిక్.

పిడుగు వినిపించుకోలేదు. దన్నూ పెట్టుకోలేదు. చివరి బోల్టు తీసింది.

పలక దభీమని వచ్చి పొట్టమీద పడింది. వరసగా పేర్చుకున్న బోల్టులు చెల్లాచెదురై కలిసిపోయాయి.

మెకానిక్ తొడ చరుచుకుని నవ్వాడు. "నే చెప్పలా!"

"నవ్వు బాబాయ్. నవ్వి నవ్వి ఆ గోడమీంచి పడు."

పాత ఆయిల్ బేసిన్‌లోకి వంచింది. ఫిల్టర్ మార్చింది. కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ ఆన్ చేసి, కిందికి దూరి చూసింది. ఒక్క చుక్క కూడా కారడం లేదు. ఇంజన్ ఆపేసింది.

ఇక పలక. బోల్టుల కుప్ప చూస్తే ఏడుపొచ్చింది. ఏడిస్తే గోడమీదాయనకు పండగ. అందుకని కిరసనాయిలు గుడ్డ తీసుకుని, కోపమంతా పలకమీద చూపిస్తూ రుద్దింది.

మట్టి వదిలేకొద్దీ రంగు బయటపడింది. ఒక రంధ్రం పక్కన ఎర్రచుక్క, ఇంకోదాని పక్కన గులాబీ చుక్క. గబగబా బోల్టుల తలలు తుడిచింది. వాటిమీదా అవే చుక్కలు! ఎరుపు బోల్టు ఎర్రచుక్కకి, గులాబీది గులాబీకి.

"బాబాయ్, ఇటొచ్చి నీ మగాడి పనితనం చూడు!"

మెకానిక్ గోడ దిగొచ్చి గోటితో గీకి చూశాడు. "గోళ్ళరంగు! పెళ్ళాం సీసా కొట్టేసుంటాడు. ఎంత తెలివిరా వాడిది!"

ఈసారి పిడుగు పలక కింద టైరు, ఇటుకలు దన్నుపెట్టి మరీ ఎక్కించింది. రంగు చూసి బోల్టులు బిగించింది. పలక కదలకుండా కూర్చుంది.

పొద్దువాలుతుండగా అన్నయ్య వచ్చాడు. పిడుగు ఇంజన్ స్టార్ట్ చేసి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"చూశావుగా? తాళాలు నా దగ్గరే ఉంటాయి."

"ఉంచుకో తల్లీ. బేరం ఎలాగూ పోయింది. ఆవిడ కొట్టుకొచ్చి వద్దని చెప్పేసింది."

"నేను కసిరాననా?"

"కసిరావా? ఆ మాటే అనలేదే! 'ఆ బండికి మనిషి దొరికింది, ఇంక నాకెందుకు' అంటూ నవ్వుతూ బస్సెక్కేసింది. వారం నుంచీ నన్ను బతిమాలిన మనిషి!"

పిడుగు తన చేతులవైపు చూసుకుంది. ఆయిల్ మరకల మధ్య ఎర్రరంగు పొట్టు అంటుకుని ఉంది.

"అన్నయ్యా, ఎవరావిడ?"

"నీకు చెప్పలేదా? ఇంట్లోవాళ్ళ పోరు పడలేక అమ్ముకుని, అప్పట్నుంచీ కుమిలిపోతోందట, నీకంటే ముందు ఈ జీపు తోలింది ఆవిడే."