పక్కన కూచున్నవాడు

హర్బీ కర్ర మొదటి దెబ్బకే బడి కాపలాదారు షహ్హాత్ తల పగిలింది. ముసలాయన గేటు ఊచలు పట్టుకుని మెల్లగా కిందికి జారిపోయాడు. హర్బీ అతణ్ణి దాటుకుని లోపలికి నడిచాడు.

ఆ పొద్దున్నే జైలు నుంచి విడుదలయ్యాడు. తమ సొహాగ్ ప్రాంతానికి వచ్చే రైల్లో ఊరివాడొకడు ఎదురై, టీ ఇప్పిస్తూ కబురొకటి చెప్పాడు. ఊరి బడిలో ‘పరస్పర గౌరవం’ అని కొత్త పాఠమేదో పెట్టారట. ఇతిమాద్ పంతులమ్మ ఒకరితో ఒకరికి పగ ఉన్న ఇళ్ల పిల్లల్ని ఏరి మరీ ఒకే బెంచీ మీద కూచోబెడుతోందట.

"మీ అన్న కొడుకు పక్కన ఎవడనుకున్నావు? వహ్దాన్ కొడుకు. ఒక్క రొట్టె చెరిసగం తింటున్నారు."

హర్బీ ఆ టీ తాగలేదు. రైలు దిగి ఇంటికీ పోలేదు. స్టేషన్ బయట గొర్రెలు తోలుకెళ్లేవాడి చేతిలోంచి కర్ర లాక్కుని తిన్నగా బడికొచ్చాడు.

అతని అన్న ఖలఫ్‌ని చెరకుతోటలో కాల్చి చంపినవాడు వహ్దాన్. చంపి లిబియా పారిపోయాడు. వాడు దొరక్క, హర్బీ వాడి చిన్నాన్నని కాల్చి కుంటివాణ్ణి చేసి జైలుకెళ్లాడు. పగ తీరేదాకా పరామర్శలు తీసుకోకూడదని అక్కడి కట్టుబాటు. అయినా ఖలఫ్ భార్య గమాలాత్ వాకిట్లో కుర్చీలు వేయించి, చేదు కాఫీ కాచి, వచ్చినవాళ్ల ఓదార్పు తీసుకుంది. ఈ ఇంట్లో ఇక ఎవరూ ఎవర్నీ చంపరని అందరి ముందూ అంది. అది విన్నాక హర్బీ జైల్లో ఆమె పేరెత్తలేదు. ఆమె కూడా ఎన్నడూ అటు రాలేదు.

తరగతిలో ఇతిమాద్ అప్పుడే పాఠం మొదలుపెట్టింది. రోజూ చెప్పించే మాటే చెప్పిస్తోంది. పక్కన కూచున్నవాడు నా పూచీ. వాడికి దెబ్బ తగిలితే జవాబు నేను చెప్పాలి. పిల్లలు గొంతెత్తి అంటున్నారు.

తలుపు ఊడి లోపలికి పడింది.

ఆమె అతణ్ణి గుర్తుపట్టింది. పిల్లలకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"హర్బీ, ఇక్కడికి ఎవరొచ్చినా అడిగి వస్తారు. బయటికి పోయి అడుగు."

అతను ఆమె నోటి మీద కొట్టాడు. ఆమె బోర్డుకి తగిలి, నెత్తురు ఉమ్మేసి, మళ్లీ వచ్చి పిల్లలకి అడ్డంగా నిలబడింది. హర్బీ ఆమెని జుట్టు పట్టి ఈడ్చి మూలకి తోశాడు. పిల్లలు బెంచీల కింద దూరారు.

"వహ్దాన్ కొడుకెవడు?"

అతను రెండు చేతులా కర్రతో బల్ల మీద బాదాడు. బల్ల విరిగింది. ముందు బెంచీలో పిల్లని జడ పట్టి పైకి లేపాడు. నువ్వు చెప్పు, లేకపోతే నీ తలా ఇట్లాగే అవుద్ది అన్నాడు. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. అతను కర్ర ఎత్తాడు.

కిటికీ పక్క బెంచీలోంచి ఒకడు లేచి నిలబడ్డాడు. బక్కపలచని పిల్లవాడు.

"దాన్ని వదిలెయ్. నేనే."

అదే బెంచీలో పక్కనున్నవాడు వాడి చొక్కా చెరగు రెండు చేతులా పట్టుకుని వెక్కుతున్నాడు. వాడి లాగు తడిసిపోయింది.

ఇతిమాద్ పగిలిన పెదాలు విప్పి ఏదో చెప్పబోయింది. నిలబడ్డ పిల్లవాడు ఆమె వంక చూశాడు. ఆ పక్కవాణ్ణి ఆమె చూసింది. ఆ మాట మింగేసింది.

హర్బీ జడ వదిలేసి ఆ బెంచీ దగ్గరికొచ్చాడు. ఏడుస్తున్నవాడి తల మీద చెయ్యి వేశాడు. అతని గొంతు మారిపోయింది.

"భయపడకురా నాన్నా. నేను నీ బాబాయిని. నిన్ను ఉయ్యాల్లో చూశాను, ఎంతవాడివయ్యావు. మీ నాన్న రక్తం ఊరికే పోనిస్తానా? నువ్వు బయటికి పో. ఇది చూడకు."

తన చొక్కా చేతితో వాడి కన్నీళ్లు తుడిచాడు. వాడు పక్కవాడి చెరగు వదల్లేదు. హర్బీ ఆ వేళ్లని నొప్పి పుట్టకుండా ఒక్కొక్కటే విడదీసి, వాణ్ణి తలుపు దాకా పంపి, వెనక్కి తిరిగాడు.

కర్ర లేచింది. ఇతిమాద్ మూలలోంచి ఉరికి మధ్యలో పడింది. మోచేతి ఎముక చెరకు గడలా విరిగింది. రెండో దెబ్బ ఆమె ఆపలేకపోయింది. అది పిల్లవాడి తల మీద పడింది. వాడు అరవలేదు. ఉన్నచోటే కూలిపోయాడు.

అప్పటికి చెరకుతోటల్లోంచి మగవాళ్లు పరిగెత్తుకొచ్చారు. హర్బీని పడగొట్టి, వాకిట్లోకి ఈడ్చి, అతని తలపాగాతోనే చేతులు కట్టేశారు. ఎవడో ముక్కు మీద తన్నాడు. మరొకడు పక్కటెముకల మీద ఎక్కి తొక్కాడు. హర్బీ నవ్వుతూనే ఉన్నాడు. అన్నా, ఇక నిద్రపో అంటున్నాడు.

ఇతిమాద్ పిల్లవాణ్ణి ఒంటిచేత్తో పొదివి పట్టుకుని బయటికి తెచ్చి, వేపచెట్టు నీడలో కూలబడింది. తన ముసుగు ఊడదీసి వాడి తలకి అదిమింది. ఊపిరాడుతోంది, బండి తెండి అని ఎవరో కేకేశారు.

జనాన్ని తోసుకుంటూ గమాలాత్ వచ్చింది. చేతులకి ఇంకా రొట్టెల పిండి అంటుకునే ఉంది. హర్బీ దుమ్ములోంచి తల ఎత్తాడు.

"వదినా, ఇక ఊళ్లో తలెత్తుకు తిరుగు. మనింటి పగ తీర్చాను."

గమాలాత్ అతణ్ణి దాటుకుని వెళ్లి, పంతులమ్మ ఒళ్లోంచి నెత్తురోడుతున్న ఆ తలని తన ఒళ్లోకి తీసుకుని, "కళ్లు తెరవరా నాన్నా, అమ్మనొచ్చాను" అంది.