తొందరపడిన రొట్టె

"రొట్టె కాస్త తొందరపడిందండీ ఈవేళ."

ఆ మాటతో లలితాంబకి ఒళ్లు మండింది.

బందరులో నీళ్లట్యాంకు పక్కన పద్దెనిమిదేళ్లుగా బండి మీద దిబ్బరొట్టెలు కాలుస్తోంది ఆవిడ. మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద రొట్టె ఎర్రబడేదాకా పక్కనే కాపలా ఉండే మనిషి. లొట్టలేసుకుంటూ తిని వెళ్లినవాళ్లే గానీ ఇన్నేళ్లలో వంక పెట్టినవాడు లేడు.

ఇతనొక్కడే.

ఆర్నెల్లుగా వస్తున్నాడు. రోజూ పదిన్నరకి, జనం పల్చబడ్డాక. యాభై దాటిన మనిషి, భుజాన గళ్ల తువ్వాలు. మిగిలిన ఆఖరి రొట్టె తీసుకుని, గోడకి చేరగిలబడి, చెరకు పానకంలో అద్దుకుంటూ మెల్లగా తింటాడు. పేరేమిటో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

"తొందరపడ్డమేంటండీ? రొట్టేమన్నా బస్సెక్కాలా?"

"అబ్బే, బాగానే ఉందండీ. అడుగున సెగ ఒక్క పిసరు ఎక్కువైంది. అంతే."

నిజమే. పొద్దున్నే సిలిండరు మార్చింది. మంట ఇంకా చేతికి చిక్కలేదు. ఆ సంగతి తనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంది. నిజం కాబట్టే ఇంకాస్త మండింది.

అసలే ఆ వారం ఆవిడ మనసు మనసులో లేదు. పేట కమిటీ వాళ్లు కొత్తగా 'మన పేట మేటి షాపులు' అని అవార్డులు పెట్టారు. కిరాణా కొట్టుకొకటి, సెలూనుకొకటి, టైలరుకొకటి, టిఫినుకొకటి. కమిటీ సెక్రటరీ బుచ్చిబాబుది జిరాక్సు షాపు. షాపుకో తాళం డబ్బా, చీటీల కట్ట పంచాడు. కొన్నవాళ్లు చీటీ మీద ఒక మంచిమాట, ఫోన్ నంబరు రాసి డబ్బాలో వెయ్యాలి.

"పోటీలో ఉన్న షాపులవాళ్లు, వాటిల్లో పనిచేసేవాళ్లు మాత్రం ఎవరికీ వెయ్యకూడదు పిన్నిగారూ. రూలు."

"అంటే నా ఓటు నాకే లేదా? బాగుందయ్యా!"

బుచ్చిబాబు నవ్వి, డబ్బా మీద చిన్న కాగితం అంటించి 'లలితాంబ' అని రాసిచ్చాడు. వేళ్లు తుడుచుకుంటూ చీటీలు రాసేవాళ్లెవరూ ఆ కాగితం వంక చూడలేదు.

ఆవిడకి షీల్డు మీద మోజేం లేదు. మైకులో తన పేరు వినాలి. అంతే కోరిక. పద్దెనిమిదేళ్లుగా 'రొట్టెల బండావిడ' అన్నవాళ్లే గానీ, పేరు పెట్టి పిలిచినవాళ్లు ఆ పేటలో లేరు. పోటీ చూస్తేనేమో బస్టాండు దగ్గరి లిఖిత టిఫిన్స్‌తో. దానికి ఏసీ హాలు, అద్దాల తలుపులు, చల్లగా కూర్చోబెట్టి అడిగితే ఎవరు కాదంటారు?

"ఆ వంకలకేం గానీ, చీటీ వేశారా మీరు?"

అతను పానకం గిన్నె కింద పెట్టి డబ్బా వైపు చూశాడు.

"లేదండీ."

"రేపే ఆఖరు. ఆర్నెల్లుగా తింటున్నారే, ఒక్క ముక్క రాయలేరా?"

"నేను వెయ్యకూడదండీ."

"ఏం, మీది ఈ ఊరు కాదా?"

"కోడూరండీ మాది. ఉండటం ఇక్కడే."

"మరింకేం?"

"వెయ్యకూడదండీ."

లలితాంబ అట్లకాడ ఠప్పున కింద పెట్టింది.

"వంక పెట్టడానికి నోరొస్తుంది, మంచిమాట రాయడానికి చెయ్యి రాదు! అంత నచ్చకపోతే రావడం దేనికి? రేపట్నుంచి రాకండి బాబూ. మీకో దణ్ణం."

అతను ఏదో చెప్పబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ప్లేటు కడిగి బోర్లించి, "సరేనండీ" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పదిన్నరకి ఆఖరి రొట్టె అలాగే ఉండిపోయింది.

"పీడా పోయింది," అంది భర్త శోభనాద్రితో. అంటూనే రోడ్డు వైపు చూసింది.

ఆ మర్నాడూ రాలేదు.

మూడోనాటికి మంట చేతికి చిక్కింది. రొట్టె దివ్యంగా వచ్చింది. ఇప్పుడు పెట్టమను వంక, అందామంటే మనిషి లేడు. ఉసూరుమంటూ ఆ రొట్టె తనే తినేసింది.

ఆదివారం సాయంత్రం స్కూలు ఆవరణలో సభ. బుచ్చిబాబు కొత్త చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు.

"టిఫిన్ల విభాగంలో రెండో స్థానం, ఒకే ఒక్క ఓటు తేడాతో... నీళ్లట్యాంకు రొట్టెల బండి!"

చీటీల నిండా జనం అలాగే రాశారు. అతనూ అలాగే చదివేశాడు.

చేతిలో షీల్డుతో వచ్చి కూర్చున్న లలితాంబకి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒక్క ఓటండీ! ఆ మహానుభావుడు ఒక్క చీటీ పడేసుంటే సమానమయ్యేది కదా!"

"ఊరుకోవే, అందరూ చూస్తున్నారు," అన్నాడు శోభనాద్రి.

"మొదటి స్థానం, లిఖిత టిఫిన్స్!"

హోటలు యజమాని రాజీవ్ స్టేజీ ఎక్కాడు గానీ షీల్డు అందుకోలేదు.

"ఇది నాది కాదండీ, మా వంటమాస్టరుది. కోదండరామయ్యగారూ, పైకి రండి. బతిమాలితే గానీ జనం ముందుకి రారు మా మాస్టారు."

వెనక వరసలోంచి ఒక మనిషి లేచాడు. భుజాన గళ్ల తువ్వాలు సర్దుకుంటూ మెట్లెక్కాడు.

లలితాంబ ఏడుపు ఆగిపోయింది.

"మాస్టారూ," అన్నాడు బుచ్చిబాబు హుషారుగా, "ఊరందరికీ మీరు వండి పెడతారు. మరి మీ టిఫినెక్కడ? మీ హోటల్లోనేనా?"

జనం నవ్వారు.

కోదండరామయ్య మైకుకి అలవాటు లేని మనిషి. కాస్త ఎడంగా నిలబడి, నెమ్మదిగా అన్నాడు.

"లేదండీ. రోజూ లలితాంబగారి రొట్టె తినేవాణ్ణి. మొన్న, రావద్దన్నారు."