తలుపులేసే మనిషి

గడప మీద చెప్పు తీస్తూ, వంగిన మనిషి వంగినట్టే దొరికిపోయాడు.

"దొరికాడర్రా! తలుపుల దొంగ దొరికాడు!"

టైలరక్క కేకకి వీధి చివర నిద్రపోతున్న కుక్క లేచి, మళ్ళీ పడుకోవడానికి మూడు రోజులు పట్టిందంటారు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే మేస్త్రి కట్టాడు. తలుపు లాగితే చాలు, దానంతటదే తాళం పడిపోతుంది. అందుకని కుళాయికి వెళ్ళినా, కొట్టుకి వెళ్ళినా, అందరూ తలుపుకి ఒక చెప్పు అడ్డం పెట్టి వెళ్తారు.

నెల పైనుంచి ఎవడో ఆ చెప్పుల్ని తీసి, పక్కన బుద్ధిగా పెట్టి, తలుపులు లాగేసి పోతున్నాడు.

మిగతావాళ్ళకి అది విసుగు. టైలరక్కకి గండం. లోపల అత్తగారు పక్షవాతంతో మంచం మీద ఉంది. పోయినసారి తాళాలాయన వచ్చేసరికి గంటన్నర పట్టింది. పెద్దావిడ దాహమని మూలుగుతుంటే, కోడలు కిటికీ బయట నిలబడి ఏడ్చింది.

ఇవాళ మనిషే దొరికాడు. అరవై దాటిన వయసు, మాసిన చొక్కా, భుజాన తువ్వాలు.

రెక్క పట్టుకుని వీధి మొదట్లో ఉన్న సంఘం గదికి లాక్కుపోయింది. వీధి వీధంతా వెనకే వచ్చింది. సగం గడ్డం గీసుకున్నాయన కూడా నురగతోనే వచ్చాడు.

గది బయట నల్లబల్ల. దాని మీద, 'నలభై రోజులుగా దొంగతనాలు: సున్నా'. అంతకుముందు రెండు నెలల్లో ఐదు జరిగాయి. అన్నీ పట్టపగలే, తలుపు తీసున్న ఇళ్ళలోనే. 'కెమెరాలున్నాయి జాగ్రత్త' అని ఉత్త బోర్డు పెట్టించాకే ఆగాయని సెక్రటరీ పొద్దున్నే సుద్దముక్కతో ఆ సున్నా దిద్దుకుంటాడు. అందరూ సున్నా సెక్రటరీ అంటారు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు సెక్రటరీ.

"దారినపోయేవాణ్ణి బాబూ."

"దారినపోయేవాడివి దారిన పోక, మా చెప్పులతో నీకేం పని?"

"తలుపులు తీసుంటే ప్రమాదం కదా అని..."

"ఓహో! ప్రమాదమే వచ్చి మాకు జాగ్రత్తలు చెప్తోంది!"

అందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. గోడ గడియారం వంక చూశాడు. పదకొండూ పది.

"ఎవరి తాలూకు? ఎక్కడుంటావు?"

ముసలాయన తువ్వాలుతో నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"బాబూ, ఒక్క అరగంట వదలండి. మళ్ళీ వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటా. అప్పుడు కొట్టినా పడతా."

"అరగంటలో ఊరు దాటేద్దామనా?"

"పోనీ మీరే వెళ్ళండి. అందరూ ఇక్కడే ఉన్నారు. అక్కడ తలుపులు..."

"విన్నారా! మనల్ని పంపించి జారుకుందామని చూస్తున్నాడు!"

ముసలాయన టైలరక్క వైపు తిరిగాడు.

"తల్లీ, నువ్వైనా వెళ్ళు. మీ ఇంట్లో మంచం మీద పెద్దావిడ ఉంది."

టైలరక్క ముందుకి దూసుకొచ్చింది.

"మా ఇంట్లో ఎవరున్నారో నీకెలా తెలుసురా?"

చాచి లెంపకాయ కొట్టింది.

ఆయన చెంప కూడా తడుముకోలేదు.

"కొట్టావుగా తల్లీ. ఇక వెళ్ళు."

అది బెదిరింపులా లేదు. కాళ్ళు పట్టుకుని బతిమాలినట్టుంది.

టైలరక్క వెనక్కి తిరిగి పరుగందుకుంది.

పదకొండు ఇళ్ళు. పదకొండు గడపల మీదా చెప్పులు. తలుపులన్నీ ఓరగా తీసే ఉన్నాయి. వీధిలో పురుగు లేదు.

పన్నెండోది తన ఇల్లు. తలుపు మూసి ఉంది.

హమ్మయ్య అనుకుంది.

మరుక్షణం కాలికి ఏదో తగిలింది. తను అడ్డం పెట్టిన చెప్పు. మెట్ల కింద తిరగబడి ఉంది.

లోపల ఏదో దబ్బుమని పడింది.

"అత్తయ్యా!"

తలుపు మీద రెండు చేతులతో బాదింది. తాళంచెవి లోపల మేకుకే ఉంది. కిటికీకి పరదా లాగేసి ఉంది. అత్తగారు ఒక్కసారి "అమ్మాయ్..." అంది. తర్వాత ఆ గొంతు వినపడలేదు.

ఆమె అరుపులకి జనం ఉరికొచ్చేసరికి తలుపు తెరుచుకుంది. పాతికేళ్ళవాడొకడు బాణంలా దూసుకొచ్చి, సరిగ్గా వాళ్ళ చేతుల్లోనే పడ్డాడు. పిడికిట్లో అత్తగారి మెడలోని గొలుసు.

టైలరక్క వాణ్ణి చూడనేలేదు. లోపలికి పరుగెత్తింది.

అత్తగారు నేల మీద ఉంది. కుట్టుమిషను ఇనప కాలు తలకి తగిలింది. గచ్చంతా రక్తం. ఊపిరి సన్నగా ఉంది. ఎంత పిలిచినా కళ్ళు తెరవడం లేదు.

ఎవరో జనాన్ని తోసుకుని లోపలికొచ్చారు. చూస్తే ముసలాయనే. సంఘం గదికి గొళ్ళెం పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినవాడు చతికిలబడి, భుజాన తువ్వాలు తీసి పెద్దావిడ తలకి అదిమిపట్టాడు.

"అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి బాబూ, తొందరగా."

"ఈ ముసలాడూ వీడి ముఠాయే! పట్టుకోండి!" అని గుమ్మంలోంచి అరిచాడు సెక్రటరీ.

అంతవరకూ గింజుకుంటున్న దొంగ, ఆ మాటకి లోపలికి చూసి, ఉన్నపళంగా ఆగిపోయాడు.

"రోజూ నాకంటే ముందే వచ్చి తలుపులన్నీ వేసేసేవాడివి కదా నాన్నా," అన్నాడు వాడు, "ఇవాళ వెయ్యలేదేం?"