వాగుకు ఎదురెక్కిన చేపలు

ఆ పొద్దున ఎప్పటిలాగే వాకిట్లో సానుపు చల్లి, రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు కట్టుకుని శామీర్‌పేట చెరువుకు వెళ్లాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఎవరూ పట్టకుండా చేపల సొసైటీవాళ్లు మా తమ్ముడు జైపాల్‌ను కాపలా పెట్టారు.

రాత్రి వానకు చెరువులోకి వచ్చే వాగు పారింది. కొత్త నీళ్లకు ఎదురెక్కుతున్న చేపల్ని మా వాడకట్టు గాలయ్య మోకాలి లోతులో నిలబడి కట్టెతో బాదుతున్నాడు. పగిలిన పొట్టల్లోంచి గుడ్లు నీళ్లలో కొట్టుకుపోతున్నాయి.

"గుడ్ల మీదున్నయ్ మామా, ఇడువు," అన్నాడు తమ్ముడు.

"ఏందిరా, చేపలకు పురుడు పోస్తున్నవా?" గాలయ్య నవ్వి ఇంకోదాన్ని కొట్టాడు.

తమ్ముడు ఆ కట్టె గుంజుకున్నాడు. మొదటి దెబ్బకే గాలయ్య బోర్లా పడ్డాడు.

"సాలురా, సచ్చిపోతడు!" అని అరిచాను. వాడు ఆపలేదు. నీళ్లు ఎర్రబడ్డాయి. మేము వెల్లకిలా తిప్పేసరికి గాలయ్యకు ఊపిరి లేదు. చేపలు ఆయన పక్కనుంచే ఎక్కిపోతున్నాయి.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. గాలయ్య పాచిబండ మీద జారిపడ్డాడు. తెల్లారి ఠాణాలో ఆ మాట నేనే చెప్పాలి. పొద్దుమాపు దేవుడి ముందు కూర్చునేదాన్ని కాబట్టి, నేను చెబితే నమ్ముతారట.